పైన మనుషులున్నారు

నరసింగరావుకి ఆకాశంలో ఒక దారి ఉంది. నేల మీద ఆయనకున్నవి భిలాయి టౌన్‌షిప్‌లో ఒక లీజు క్వార్టరు, దాని ముందు కరివేపాకు చెట్టు, చెప్పినమాట వినని ఒక స్కూటరు. ఆకాశంలో మాత్రం పడమటి నుంచి వచ్చి, ఊరి నడినెత్తి మీదుగా సాగి, కుమ్హారి అవతల ఎయిర్‌పోర్టులో దిగే తిన్నని దారి. అది తన కూతురు వేసిందని ఆయన అందరికీ చెబుతాడు. ఒకసారి విన్నవాళ్ళకి కూడా చెబుతాడు.

నిజానికి ఇంద్రాణి ఒక్కతే వేసింది కాదు. ఆమె ఎయిర్‌పోర్టులో కంట్రోలర్. ఏ విమానం ఎంత ఎత్తులో ఉండాలో, ఎటు తిరగాలో, ఎప్పుడు దిగాలో చెప్పే ఉద్యోగం. దేశమంతా పాత విమాన దారులు తీసేసి కొత్తవి వేస్తున్నారు. ఆ పనిలో ఈ ముక్క మీద కూర్చున్న నలుగురిలో ఆమె ఒకతె. మిగిలిన ముగ్గురినీ నరసింగరావు తన కథలోంచి తప్పించేశాడు. కన్నతండ్రికి ఆ మాత్రం హక్కు ఉంటుందని ఆయన నమ్మకం.

"ఇదివరకు ఇమానాలు ఎలగ వచ్చేవో తెల్సా?" అని పవర్ హౌస్ మార్కెట్లో కూరగాయల బండి దగ్గర మొదలుపెట్టేవాడు. "కింద రేడియో స్తంభాలుండేవి. ఒకదాని నెత్తి మీదికెల్లి, అక్కడినించి ఇంకోదాని నెత్తి మీదికెల్లి, తిరిగి తిరిగి దిగేవి. ఇక్కడినించి దుర్గ్ ఎల్లడానికి కుమ్హారి సుట్టొచ్చినట్టు. ఇప్పుడా గోల నేదు. ఉపగ్రహం దారి సూపిస్తాది, ఇమానం తిన్నగా వస్తాది. ఇంజను జోరు కూడా తగ్గించేసి, జారుడుబల్ల మీద పిల్లల్లాగ దిగిపోతాది. ఎంత పెట్రోలు మిగులుతాదో!"

కూరగాయలమ్మే ముసలమ్మది ఛత్తీస్‌గఢీ. తెలుగు ముక్క రాదు. అయినా పాపం శ్రద్ధగా తలూపేది. ఆ తలూపుకి మురిసిపోయి ఆయన ఇంకో అరకిలో బెండకాయలు కొనేవాడు. బెండకాయలు చూసి ఇంట్లో భార్య గౌరీదేవి, "ఇవాళ కూడా ఇమానం దిగిందన్నమాట," అనేది.

ఆ గర్వమే ఆ ఏడాది వినాయక చవితికి ఆయన చేత ఒక తెలివితక్కువ పని చేయించింది.

తెలుగు మిత్రమండలికి ఆ ఏడు నరసింగరావే అధ్యక్షుడు. మండలి అంటే ఎవరో కాదు, శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం జిల్లాల నుంచి ఉక్కు ప్లాంటు ఉద్యోగాలకి వచ్చి, రిటైరై, ఇక్కడే ఉండిపోయిన వాళ్ళూ, వాళ్ళ పిల్లలూ. ఏటా మైదానంలో పందిరి వేస్తారు. పందిరికి కరెంటు బోర్డు నరసింగరావు సొంతంగా తయారుచేసింది. ప్లాంటులో ఎలక్ట్రీషియన్‌గా జీవితమంతా ఎలాంటి బోర్డుల దగ్గర పనిచేశాడో ఇదీ అలాంటిదే. ప్రతి స్విచ్‌కీ ఒక పిడి, పిడి పక్కన తాళం వేసుకోడానికి బెజ్జం, ఒక తాళం చాలకపోతే మరిన్ని తగిలించుకోడానికి వరసగా రంధ్రాలున్న ఇనప కొక్కెం.

"పందిట్లో ఇన్ని తాళాలు ఎవడేస్తాడు గురూ?" అని కార్యదర్శి వాసుదేవరావు ఎకసెక్కం చేశాడు. ఆయన ప్లాంటు స్టోర్సులో పనిచేసి రిటైరైన మనిషి. ఏ వస్తువైనా అవసరానికి మించి ఉంటే ఆయనకి ఒళ్ళు మంట.

"ఎయ్యకపోతే ఎయ్యకపోనీ. ఉండాల," అన్నాడు నరసింగరావు.

ఆ ఏడు కొత్తగా లేజర్ లైట్లు పెట్టించారు. దుర్గ్ నుంచి మనోజ్‌కుమార్ అనే కుర్ర కాంట్రాక్టరు వచ్చి బిగించాడు. అతను వాటిని పందిరి ఎదుటి తెల్ల గుడ్డ మీద పడేలా అమర్చాడు. నరసింగరావుకి అది నచ్చలేదు.

"ఊపర్ కరో, ఊపర్!" అని చేతులు పైకి ఊపాడు. తర్వాత మనవాళ్ళ వైపు తిరిగి తెలుగులో చెప్పాడు. "గుడ్డ మీద ఏస్తే మనవే సూసుకోవాల. పైకేస్తే మా అమ్మాయి దారిలో ఎల్లే ఇమానాలోళ్ళు కిటికీలోంచి సూస్తారు. భిలాయిలో తెలుగోళ్ళ వినాయకుడు ఇదీ అని తెలియాల!"

అందరూ బాగుందన్నారు. వద్దని ఒక్కరూ అనలేదు. మనోజ్‌కుమార్ తనకేం పోయిందని లైట్లు పైకి తిప్పాడు. పచ్చటి గీతలు మబ్బుల్లోకి దూసుకుపోతుంటే పిల్లలు గంతులేశారు. వాళ్ళతో పాటు నరసింగరావు కూడా.

చవితి వెళ్ళిన రెండోనాడు పొద్దున్న ఇంద్రాణి రాత్రి డ్యూటీ దిగి ఇంటికొచ్చింది. చెప్పులు విడవకుండా వంటింటి గుమ్మంలో నిలబడింది.

"నాన్నా, ఆ లేజర్లు పైకి ఎవరు తిప్పమన్నారు?"

పొగడ్త వస్తోందనుకున్నాడు నరసింగరావు. "నానే! కనబడిందేటి? సెప్పేనా గౌరీ, కనబడతాదని!"

"కనబడింది. దిగుతున్న విమానంలో పైలట్ కళ్ళల్లో పడింది."

గౌరీదేవి ఇడ్లీ పాత్ర మూత తీయబోయి ఆగిపోయింది.

"కాక్‌పిట్ అద్దం మొత్తం పచ్చగా అయిపోయిందట," అంది ఇంద్రాణి. "కాసేపు ఆయనకి ఎదురుగా ఉన్న మీటర్లు కూడా కనిపించలేదు. పక్కనున్నాయన చూసుకున్నాడు కాబట్టి సరిపోయింది. నేనే మాట్లాడుతున్నాను వాళ్ళతో. ఆయన గొంతు ఎలా అయిపోయిందో నాకు తెలుసు. ఇద్దరి కళ్ళల్లోనూ పడుంటే?"

"పడనేదు కదా."

"ప్లాంట్లో నీ దగ్గర ఎవరైనా ఈ మాట అంటే ఏం చేసేవాడివి?"

ఏం చేసేవాడో నరసింగరావుకి తెలుసు. చొక్కా పట్టుకుని బయటికి లాగేవాడు. తప్పు తనదని తెలిసి కోపం తెచ్చుకున్నాడు. అది ఆయనకి చిన్నప్పటి అలవాటు.

"రేపు భయ్యాజీ వస్తన్నాడే! ఆయన బటన్ నొక్కితే లైట్లు ఆకాశంలోకి ఎల్లాల. అదే పోగ్రాం. ఊరందరికీ సెప్పీసేం. ఇప్పుడు గుడ్డ మీద ఎయ్యమంటే నా పరువేటి కాను?"

భయ్యాజీ అంటే ఆ ప్రాంతపు నాయకుడు. మైదానం మండలికి దక్కాలన్నా, పోవాలన్నా ఆయన ఒక్క మాట చాలు.

"కిందకి దించితే చాలు నాన్నా. మానెయ్యమనట్లేదు."

"నువ్వే ఇమానాల్ని తప్పించరాదూ? ఆ దారి పండగ ఎల్లేదాకా ఆపీండి. పాత దారమ్మట తిప్పండి. ఇన్నాళ్ళూ తిరగనేదేటి?"

అనేశాక ఆయనకే నోరు చేదుగా అనిపించింది. ఏ దారి గురించి బెండకాయల బండి దగ్గర గొంతు చించుకుంటున్నాడో ఆ దారినే మూసెయ్యమన్నాడు.

"మా పైవాళ్ళూ సరిగ్గా అదే అన్నారు," అంది ఇంద్రాణి. "ఇది ఇంకా పరీక్షలో ఉన్న దారి. ఇంకొక్క పైలట్ కళ్ళల్లో లేజర్ పడిందని చెప్పాడంటే మూసేస్తారు. పండగ వెళ్ళేదాకా ఆపుదామని నన్నే రాసివ్వమన్నారు. నేను రాయనన్నాను. దారి తప్పు చెయ్యలేదు, నేనెందుకు రాయాలి? పాత దారి మాత్రం ఎక్కడుంది, సముద్రం మీదా? ఈ ఊరి పక్కనుంచేగా పోతుంది. నీ లేజర్ అక్కడిదాకా పోదా?"

"పోలీసులకి సెప్పుకో, ఎల్లు."

"చెప్పాం. ఆర్డరు వచ్చేసరికి వినాయకుడు నీళ్ళల్లో ఉంటాడు."

"నాను మాటిచ్చీసేను. అంతే."

"అరవకండి ఇద్దరూ," అంది గౌరీదేవి. "ఇడ్లీలు సల్లారిపోతన్నాయి."

ఎవరూ తినలేదు. నరసింగరావు చొక్కా తగిలించుకుని బయటికి నడిచాడు. వెళ్తూ వెనక్కి చూస్తే ఇంద్రాణి గుమ్మం పక్క మేకు వైపు చూస్తూ నిలబడి ఉంది. ఆ మేకుకి ఆయన పాత తాళం వేలాడుతూ ఉంటుంది.

ఆ తాళం గురించి చెప్పాలి. ప్లాంటులో ఏ మిషన్ లోపలికైనా మనిషి దిగి పనిచెయ్యాలంటే, ముందు దాని కరెంటు కట్టేసి, స్విచ్‌కి తన సొంత తాళం వేసి, తన పేరున్న అట్ట ముక్క తగిలించి, తాళంచెవి జేబులో వేసుకుని దిగుతాడు. పదిమంది దిగితే పది తాళాలు. పని అయ్యాక ఎవడి తాళం వాడు తియ్యాలి. పక్కవాడు తియ్యకూడదు, ఫోర్‌మన్ తియ్యకూడదు, ఉత్పత్తి ఆగిపోతోందని పెద్ద ఆఫీసరు గంతులేసినా తియ్యకూడదు. రెండో తాళంచెవి ఉండకూడదని తనకిచ్చినదాన్ని నరసింగరావు మరోదా చెరువులో పారేశాడు. రిటైరయ్యాక ఆ ఎర్ర రంగు తాళం ఇంద్రాణి సైకిలుకి కాపలా కాసింది. తర్వాత మేకెక్కింది.

ఆ రాత్రంతా వాన, లైట్లు వెయ్యలేదు. మర్నాడు సాయంత్రం వాన వెలిసింది. మైదానం నిండా జనం. భయ్యాజీ బయల్దేరాడని ఫోనొచ్చింది. మండలిలో ఆయన్ని అన్నియ్యా అని పిలిచే కనకరత్నం ఆడవాళ్ళని వెంటేసుకుని ఉండ్రాళ్ళు పంచుతోంది. నరసింగరావు కొత్త కండువా సర్దుకుంటూ బటన్ పెట్టిన బల్ల దగ్గర నిలబడ్డాడు.

ఇంద్రాణి స్కూటీ ఆపి, మెడలో ఐడీ కార్డుతో పందిట్లోకి వచ్చింది. డ్యూటీకి వెళ్తూ దణ్ణం పెట్టుకోడానికి వచ్చిందనుకున్నారు. పెట్టుకుంది కూడా. తర్వాత పందిరి వెనక్కి నడిచింది. ప్రెసిడెంటుగారి అమ్మాయిని ఎవరాపుతారు? మనోజ్‌కుమార్ టీకి వెళ్ళాడు.

మైకులో పాట మోగుతున్నా స్విచ్ పిడి కిందకి పడిన చప్పుడు నరసింగరావు చెవికి చేరింది. ఆ చప్పుడు ఆయన నిద్రలో కూడా గుర్తుపడతాడు. పరిగెత్తినంత పని చేసి వెళ్ళేసరికి ఇంద్రాణి లేజర్ల స్విచ్‌కి కొక్కెం బిగించి, మేకు మీది ఎర్ర తాళం తగిలించి నొక్కేసింది. తాళంచెవి అరచేతిలో పెట్టి ఆయనకి చూపించింది. పని మొదలుపెట్టే ముందు మనిషి తన జట్టుకి చూపించే పద్ధతి అది. చూపించి జేబులో వేసుకుంది.

"ఏటే ఇది, నలుగుర్లోనూ!"

"పొద్దున్న డ్యూటీ దిగొచ్చి తీస్తాను."

"భయ్యాజీ వచ్చేస్తన్నాడే!"

"రానీ. పైన మనుషులు పనిలో ఉన్నారు నాన్నా. నీ దగ్గర నేర్చుకున్నదే."

ఆమె వెనక్కి చూడకుండా నడిచింది. స్కూటీ మైదానం దాటి రోడ్డెక్కింది. నరసింగరావుకి ఒళ్ళంతా మంట పుట్టింది. కన్నకూతురు, అందరి ముందూ, తన బోర్డు మీద, తన తాళంతోనే తన నోరు మూసేసి పోయింది.

"గురూ, కారు గేటు దగ్గిరికొచ్చీసింది," అంటూ వాసుదేవరావు రొప్పుతూ వచ్చాడు. "ఏటి సేద్దాం? రెండో తాళంచెవి?"

"నేదు."

"మరి?"

నరసింగరావు పందిరి వేసిన వాళ్ళ దగ్గర్నుంచి సుత్తి లాక్కున్నాడు. పాత తాళం, ఒక్క దెబ్బకి ఊడొస్తుంది. బోర్డు ముందుకి వెళ్ళాడు. తాళానికి మిఠాయి డబ్బా అట్ట ముక్క కట్టి ఉంది. దాని మీద వంకర టింకర అక్షరాలు. ఈ ఊళ్ళో పుట్టిన పిల్ల, హిందీ వచ్చినంతగా తెలుగు రాదు. మండలి ఆదివారం బడికి ఆయనే చెవి మెలేసి పంపితే నేర్చుకున్న రాత.

"పైన మనుషులు పనిలో ఉన్నారు. స్విచ్ వెయ్యవద్దు. ఇంద్రాణి."

సుత్తి ఎత్తాడు. చెయ్యి గాల్లో ఆగిపోయింది. పేరున్న తాళం మీద సుత్తి వెయ్యడం ఆ చేతికి తెలీదు. ఎంతమంది కొత్త కుర్రాళ్ళకి ఆ చేత్తోనే ఒకటంటించి నేర్పాడో ఆయనకే లెక్క లేదు.

"అన్నియ్యా."

వెనక కనకరత్నం నిలబడి ఉంది. చేతిలో ఉండ్రాళ్ళ పళ్ళెం. ఆమె అట్ట మీది రాత చదివింది. ఒకసారి సుత్తి వైపు చూసింది. అది చాలు.

ఆమె భర్త కూర్మారావు ఒక ప్రైవేటు రోలింగు మిల్లులో పనిచేసేవాడు. ఆ మిల్లు ఇప్పుడు లేదు. ఒకరోజు మిషన్ లోపల ఉండగా, తొందర పడ్డవాడెవడో లోపల ఎవరూ లేరనుకుని ఆయన తాళం కోసేసి స్విచ్ వేశాడు. మార్చురీలో బట్టలు అప్పగించినప్పుడు పక్కన ఉన్నది నరసింగరావే. చొక్కా జేబులో తాళంచెవి భద్రంగా ఉంది. తాళం మాత్రం దొరకలేదు.

నరసింగరావు సుత్తి కిందకి దించాడు.

అప్పటికి మనోజ్‌కుమార్ టీ తాగి వచ్చాడు. సంగతి తెలిసి నవ్వాడు. "అరే అంకుల్, ఇస్‌మే క్యా హై? తాలా రహనే దో. జనరేటర్ సే డైరెక్ట్ తార్ ఖీంచ్ దేతా హూఁ. దో మినిట్."

తాళం ముట్టుకోనక్కర్లేదు. జనరేటర్ నుంచి నేరుగా లైట్లకి ఒక వైరు లాగితే చాలు. అబద్ధమెందుకు, మనోజ్‌కుమార్ కంటే ముందే ఆ ఆలోచన నరసింగరావుకి వచ్చింది. తాళం తాళంలాగే ఉంటుంది, మాట మాటలాగే ఉంటుంది.

"అదీ బాగుంది గురూ!" అన్నాడు వాసుదేవరావు. "తాళం తీసినట్టు కాదు, పోగ్రాం ఆపినట్టు కాదు."

నరసింగరావు తల పైకెత్తాడు. మబ్బు విడిపోయి ఆకాశం తేటగా ఉంది. ఇంకాసేపట్లో పడమటి నుంచి సాయంత్రం విమానం వస్తుంది. అందులో మనుషులుంటారు. ముందు గదిలో ఇద్దరు కళ్ళు చికిలించుకుని మీటర్లు చూస్తూ ఉంటారు. వాళ్ళకి తాళం వెయ్యడానికి చెయ్యి అందదు. అందుకని కింద ఉన్న ఒక పిల్ల వాళ్ళ తరఫున వేసింది.

"ఆ వైరు ముట్టుకున్నావంటే కాళ్ళిరగ్గొడతాను," అన్నాడు తెలుగులో. మనోజ్‌కుమార్‌కి తెలుగు రాకపోయినా అర్థమైంది.

భయ్యాజీ దండలతో, వెనక మందితో వచ్చాడు. హారతి తీసుకున్నాడు. బటన్ నొక్కాడు. ఏమీ వెలగలేదు. మళ్ళీ నొక్కాడు. ఫోటోలు తీసేవాళ్ళు కెమెరాలు దించారు. వాసుదేవరావు చెమటలు కక్కుతూ ఆయన చెవిలో ఏదో చెప్పాడు. ఇంత చిన్న తాళానికి ఇంత గొడవా అని భయ్యాజీ నవ్వు చెరగకుండా నరసింగరావు భుజం మీద చెయ్యేశాడు.

"అంకుల్‌జీ, ఏక్ ఛోటే సే తాలే కే లియే ఇత్నా?"

"తాలా ఛోటా హై భయ్యాజీ," అన్నాడు నరసింగరావు. "ఉస్‌కే పీఛే ఆద్మీ హై." తాళం చిన్నదే గానీ దాని వెనక మనిషి ఉన్నాడని.

భయ్యాజీ చెయ్యి తీసేశాడు. ఆయన పక్కనున్న తెల్ల బట్టల మనిషి ముందుకొచ్చి, వచ్చే ఏడు ఈ మైదానం ఎలా దొరుకుతుందో చూస్తానన్నాడు. వాసుదేవరావు నరసింగరావు మోచెయ్యి గిల్లాడు. ఆ గిల్లుడుతో నరసింగరావుకి ఇన్నాళ్ళుగా లోపల అణిగి ఉన్నదంతా పైకొచ్చింది.

"నహీఁ దోగే తో మత్ దో!" అని, ఇవ్వకపోతే మానెయ్యమని గట్టిగా అనేసి, తిన్నగా మైకు దగ్గరికి పోయాడు.

"అందరూ ఇనండి. ఈ రాత్రి లేజర్ లైట్లు ఎలగవు. ఆటిని పైకి తిప్పమన్న ఎదవని నానే. ఇమానం నడిపేవోళ్ళ కళ్ళల్లో పడతాదని నాకు తెలివి నేకపోయింది. మా అమ్మాయి సెప్తే ఇననేదు. అందుకని తాళమేసి డ్యూటీకెల్లింది. తాళం మీద ఆమె పేరుంది. ఆమె వచ్చి తీస్తే తీస్తాది, నేకపోతే నేదు. ఎవులైనా తీస్తామంటే ముందు నన్ను తియ్యాల. నన్ను పెసిడెంటుగా తీసేత్తామంటే తీసీండి, కండువా ఇక్కడెట్టేను."

కండువా బల్ల మీద పడేసి, కుర్చీ ఒకటి ఈడ్చుకొచ్చి బోర్డు ముందు వేసుకుని కూర్చున్నాడు. భయ్యాజీ కార్లు బురద చిమ్ముకుంటూ వెళ్ళిపోయాయి. జనంలో కొందరు ఈలలు వేశారు, కొందరు తిట్టారు. తిట్లలో మంచి శ్రీకాకుళం తిట్లు కూడా వినపడ్డాయి.

అంతలో పడమట సన్నగా రొద వినపడింది. నరసింగరావు లేచాడు. ఆ రొద ఏమిటో ఆ మైదానంలో అందరికీ తెలుసు, ఆయన పుణ్యమా అని. ఒకళ్ళొకళ్ళుగా తలలెత్తారు. ఎర్ర దీపం ఒకటి, తెల్ల దీపం ఒకటి, ఆరుతూ వెలుగుతూ వచ్చాయి. ఎక్కడా వంపు తిరగలేదు. వినాయకుడి నెత్తి మీదుగా, జనం నెత్తి మీదుగా, చీకట్లో శాంతంగా కిందకి జారుతూ కుమ్హారి వైపు పోయింది. అప్పటిదాకా తిట్టినవాళ్ళు కూడా అది కనపడనంత దూరం పోయేదాకా చూశారు.

నరసింగరావు మళ్ళీ కూర్చోబోతుంటే కనకరత్నం వచ్చింది. చేతిలో ఒక పెద్ద ఇత్తడి తాళం. ఆమె ఇంటి వీధి తలుపుది.

"తప్పుకో అన్నియ్యా," అంది. కొక్కెంలో ఇంద్రాణి తాళం పక్క రంధ్రంలో దాన్ని పెట్టి నొక్కింది. కూర్మారావు తాళం దొరకలేదు కదా, దాని బదులు ఇది అన్నట్టు ఒకసారి లాగి చూసింది.

"ఇంటికి తాళమో సెల్లమ్మా?"

"నా ఇంట్లో ఏటుందని ఎత్తుకెల్తారు? ఇక్కడుండాల ఇది."

తర్వాత దక్షిణామూర్తి అనే పాత క్రేన్ డ్రైవరు లేచాడు. స్కూటరేసుకుని ఇంటికెళ్ళి, నల్ల రంగు ఊడిపోయిన తన ప్లాంటు తాళం తెచ్చి తగిలించాడు. ఆయన్ని చూసి మరొకరు వెళ్ళారు. ప్లాంటు తాళం దాచుకున్నవాళ్ళు అది తెచ్చారు, లేనివాళ్ళు సైకిలు తాళం, ట్రంకుపెట్టె తాళం, దొరికింది తెచ్చారు. ప్రతివాడూ తాళంచెవి ఎత్తి అందరికీ చూపించి మరీ జేబులో వేసుకున్నాడు. కొక్కెంలో చోటు అయిపోయాక తాళానికే తాళం తగిలించారు. మనోజ్‌కుమార్ చూసి చూసి, వైర్ల చుట్ట వ్యాన్‌లో పడేసుకుని, "యే లోగ్ పాగల్ హైఁ," అని ఆ పిచ్చివాళ్ళకో దణ్ణం పెట్టి పోయాడు.

చివరికి వాసుదేవరావు వచ్చాడు. మండలి బీరువా తాళం తెచ్చాడు.

"ఇన్ని తాళాలు ఎవడేస్తాడన్నావు?" అన్నాడు నరసింగరావు.

"నోరు మూసుకో గురూ," అని వాసుదేవరావు తనదీ నొక్కాడు. తర్వాత బల్ల మీది కండువా తెచ్చి ఆయన ఒళ్ళో పడేశాడు.

నరసింగరావుకి వెయ్యడానికి తాళం లేదు. ఆయన తాళం కూతురిదైపోయింది. స్కూటరు ముందు చక్రానికి వేసే తాళం తీసుకొచ్చి గుత్తి చివర తగిలించాడు.

తెల్లవారాక ఇంద్రాణి వచ్చింది. దూరంనుంచే ఆమె మొహం చూసి ఆయనకి తెలిసింది. తాళం పగలగొట్టి ఉంటారనీ, లైట్లు వేసే ఉంటారనీ అనుకుని దెబ్బలాటకి సిద్ధపడి వస్తోంది. బోర్డు ముందుకొచ్చి ఆగిపోయింది. గుత్తి వైపు చూసింది, తండ్రి వైపు చూసింది.

"దారుందేటి?" అని అడిగాడు నరసింగరావు. రాత్రంతా ఆయన గుండెల్లో ఉన్న ప్రశ్న అదొక్కటే.

"ఉంది నాన్నా. ఒక్క పైలట్ కూడా ఏమీ చెప్పలేదు. అన్నీ తిన్నగా దిగాయి. రాసివ్వమన్నవాళ్ళు మళ్ళీ అడగలేదు."

నరసింగరావు కండువాతో మొహం తుడుచుకున్నాడు. తుడుచుకోవలసినదానికంటే కొంచెం ఎక్కువసేపే తుడుచుకున్నాడు.

ఇంద్రాణి జేబులోంచి తాళంచెవి తీసింది. "తీస్తానన్నానుగా, తీస్తాను. లైట్లు కిందకి దించి గుడ్డ మీద వేసుకోండి."

"నీది నువ్వు తీసుకో. నీ డ్యూటీ అయిపోయింది," అన్నాడు ఆయన. "మావి తియ్యం. నిమజ్జనం దాకా మావి ఇక్కడే ఉంటాయి. నువ్వు తీసినా స్విచ్ పడదు."

ఇంద్రాణి ఆ తాళాల్ని ఒక్కొక్కటే వేలితో తాకుతూ పోయి, అడుగున ఉన్న ఎర్ర తాళం దగ్గర ఆగింది.

"అయితే నాదీ ఉండనీ," అని తాళంచెవి మళ్ళీ జేబులో వేసుకుంది.